మూడో పేరు

నాన్నగారు పోయిన పన్నెండో రోజున సపిండీకరణం జరుగుతోంది. పురోహితులు తమ్ముణ్ణి మూడు పేర్లు చెప్పమన్నారు. నాన్నగారి తండ్రి, ఆయన తండ్రి, ఆ పైన ఆయన తండ్రి. పోయినవారి పిండాన్ని మూడు భాగాలు చేసి ఆ ముగ్గురి పిండాలతో కలుపుతారు. తమ్ముడు రెండు పేర్లు చెప్పి మూడోది అందుకోబోతుండగా, గోడకు ఆనుకుని కూర్చున్న మా మేనత్త నెమ్మదిగా అంది. "ఆ మూడో ఆయన మా తాతను కన్న తండ్రి కాదు."

ఒక్క క్షణం అందరూ ఆగిపోయారు. పురోహితులు మాత్రం తడుముకోలేదు. "దత్తత వెళ్ళినవారైతే పెంచినాయన పేరే చెప్పాలమ్మా, గోత్రం కూడా ఆయనదే" అని మంత్రం కొనసాగించారు. కర్మ సక్రమంగానే ముగిసింది. నా మనసులో మాత్రం ఆ మాట అక్కడే నిలబడిపోయింది. మా ముత్తాతను కన్నవారెవరు? అప్పటి నుంచి మూడేళ్ళుగా నేను ఈ ప్రశ్న వెంటే ఉన్నాను.

చిన్నప్పుడు నాన్నగారు నాకు చెప్పిన కథ వేరు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తిన రోజున ముత్తాత మూడేళ్ళ పిల్లవాడట. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు కదా, ఆ కొమ్మల మీద ఎవరి చేతుల్లోనో ఉన్న అనాథ బిడ్డను బేగంబజారులో ధాన్యం వ్యాపారం చేసే ఆయన తెచ్చుకుని పెంచాడట. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఉంది. నాకు ఆరేళ్ళప్పుడు నాన్నగారు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ చెట్టు చూపించారు. మానును చేత్తో తాకించారు. ఆ కథ నాకు ఎంత ఇష్టమో మాటల్లో చెప్పలేను. దాన్ని వదులుకోవలసి వస్తుందేమోనన్న దిగులు ఈ వెతుకులాట పొడవునా నాతోనే ఉంది.

ఇంట్లో ఇంకో కథ కూడా ఉండేది. ముత్తాత నిజానికి బేగంబజారు తాత సొంత అన్న కొడుకేననీ, పిల్లలు లేని తమ్ముడికి అన్న ఇచ్చాడనీ చిన్నాన్న అనేవారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు.

మొదట కాగితాలు వెతికాను. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి నాలుగు సార్లు వెళ్ళాను. నిజాం కాలపు దస్త్రాలు అక్కడ అపారంగా ఉన్నాయి. 1884కు ముందువి ఎక్కువగా పార్సీలో, ఆ తరువాతివి ఉర్దూలో ఉంటాయి. అయితే సర్కారుతో తగాదా గానీ లావాదేవీ గానీ లేని చిన్న వ్యాపారి పేరు సర్కారు కాగితాలకు ఎందుకు ఎక్కుతుంది? జనాభా లెక్కల్లో దొరుకుతుందేమో అనుకున్నాను. ఇంగ్లాండులోనైతే 1911 నాటి ఇంటింటి పత్రాలు ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. మన దగ్గర ఎవరి వివరాలూ పేరుతో చూడనివ్వరు. 1948 నాటి జనగణన చట్టమే ఆ దారి మూసింది.

చివరికి కాగితం మా ఇంట్లోనే దొరికింది. నాన్నగారి ఇనప్పెట్టె అడుగున, బట్టలో చుట్టి, ఉర్దూలో రాసిన ఇంటి దస్తావేజు. షికస్తా రాత. అక్షరాలు ఒకదానిలోకి ఒకటి విరిగి ఒరిగిపోయి ఉంటాయి. ఉర్దూ వార్తాపత్రిక ధారాళంగా చదవగలిగినవారు కూడా ఆ రాత చూసి చేతులెత్తేశారు. ఛత్తాబజారులోని ఒక ముద్రణాలయం వారు చెబితే, దారుల్‌షిఫా దగ్గర ఉండే పదవీ విరమణ చేసిన ఉర్దూ మాస్టారు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి, గంటసేపు వేలితో వరసవరసా నడిపిస్తూ చదివారు. రూపాయి పుచ్చుకోలేదు.

అందులో ముత్తాత పేరు పక్కన "వల్ద్", అంటే ఫలానా వారి కొడుకు, అని రాసి ఊరుకోలేదు. "ముతబన్నా" అని ఉంది. అంటే దత్తపుత్రుడు. వయసు ఇరవై ఒకటి. తేదీ నిజాం సర్కారు వాడిన ఫసలీ లెక్కలో 1339, ఆబాన్ నెల.

ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుందని ఎవరో చెప్పగా విన్నాను. అలా కలిపితే 1929 వచ్చింది. 1929లో ఇరవై ఒకటంటే పుట్టింది 1908. వయసు రాయడంలో రెండు మూడేళ్ళ తేడా సహజం కాబట్టి నాన్నగారి కథ నిలిచినట్టే. నేను ఈ లెక్క చెబుతుంటే మాస్టారు గారు నన్ను ఆపారు. "నిజాం ఫసలీ అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలవుతుందమ్మా. ఆబాన్ ఆఖరి నెల. జనవరి దాటిన తరువాతి నెలలకు 591 కలపాలి." అంటే 1930. పుట్టింది 1909 ప్రాంతం. తుగ్యానీ తరువాత!

పాత హైదరాబాదు వారు ఆ వరదను తుగ్యానీ అనేవారు. మా మేనత్త ఇప్పటికీ అదే అంటుంది. తుగ్యానీ నాటికి ఇంకా పుట్టని బిడ్డ చింతచెట్టు మీద ఎలా దొరుకుతాడు? అయితే ఆ రోజుల్లో వయసు ఉజ్జాయింపుగా వేసేవారు కాబట్టి ఆ ఒక్క అంకె మీదే కథను కొట్టివేయడం న్యాయం కాదనుకున్నాను.

రెండో దెబ్బ "ముతబన్నా" అన్న మాట దగ్గర తగిలింది. వకీలుగా పనిచేసిన మా చిన్నాన్నకు చూపిస్తే ఆయన చాలాసేపు ఆలోచించి అన్నారు. "పాత హిందూ ధర్మశాస్త్రంలో అనాథను దత్తత తీసుకోవడానికి వీల్లేదు. దత్తత అంటే ఒకరు ఇవ్వాలి, ఒకరు పుచ్చుకోవాలి. ఇచ్చేది తండ్రి, ఆయన లేకపోతే తల్లి. ఇంకెవరికీ ఆ హక్కు లేదు."  న్యాయస్థానం అనుమతితో సంరక్షకుడు అనాథ బిడ్డను ఇవ్వవచ్చన్న వీలు 1956 దత్తత చట్టం, ఆ పైన దాని సవరణలతో గానీ రాలేదు. అంటే ముత్తాతను శాస్త్రోక్తంగా దత్తత తీసుకుని ఉంటే, ఆయనను చేతుల్లో పెట్టి ఇచ్చినవారు ఒకరు ప్రాణాలతో ఉండి తీరాలి. ఉర్దూ రాసిన గుమాస్తా పెంపుడు కొడుకును కూడా ముతబన్నా అని రాసి ఉండవచ్చు, కాదనను. కానీ చిన్నాన్న ఆ మాట అన్న తరువాత నాకు చెట్టు కనిపించడం మానేసింది. చేతులు చాచి బిడ్డను ఇస్తున్న మనిషి కనిపించడం మొదలైంది.

ఆ మనిషి ఎవరో ఏ కాగితమూ చెప్పదు. ఆ కాలపు దస్త్రాల్లో మగవారు ఫలానా వల్ద్ ఫలానా. ఆడవారు ఫలానా జౌజా ఫలానా, అంటే ఫలానా వారి భార్య. ఆ భార్యగా కూడా పేరు ఎక్కని స్త్రీలు ఎంతమందో. నేను అడగవలసింది మేనత్తనేనని నాకు అప్పుడు గానీ తట్టలేదు.

అడిగే పద్ధతి కూడా నాకు చేతకాలేదు. "అత్తమ్మా, మీ తాతను కన్న తండ్రి ఎవరు?" అని పదిసార్లు అడిగి ఉంటాను. "నాకేం తెలుసమ్మా, పెద్దవాళ్ళు మా ముందు మాట్లాడేవారా?" అనేది. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. జ్ఞాపకం తిరుగులేనిది. కానీ ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. ఒక రోజు చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నప్పుడు, వేరే ఏదో మాటల మధ్య, "మీ తాత ఎవరెవరి చావుకు మైల పట్టేవారు?" అని అడిగాను. అంతే, ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. ఎవరో ముసలావిడ పోయిందని భువనగిరి నుంచి మనిషి వచ్చాడు. తాత నిలబడ్డచోటే కూర్చుండిపోయాడు. తలస్నానం చేసి మూడు రోజులు విడిగా చాప మీద పడుకున్నాడు. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. నాలుగో రోజు మళ్ళీ దుకాణానికి వెళ్ళాడు. ఎవరు పోయారని అవ్వను అడిగితే, పప్పు మాడుతోంది చూడు పో అంది."

మూడు రోజులే ఎందుకు? పాలివారైతే, అంటే దాయాదులైతే, పది రోజులు పట్టాలి, పరాయివారైతే అసలు పట్టనక్కర్లేదు. మా పురోహితులకు ఫోను చేశాను. దత్తు వెళ్ళినవాడికి కన్న తల్లిదండ్రుల చావుకు మూడు రోజులే మైల అని ఆయన చెప్పారు. ఫోను పెట్టేశాక నాకు ఒళ్ళు జలదరించింది. ఆ చాప మీద పడుకున్న మనిషి తల్లి కోసం ఏడ్చాడేమో, ఇంట్లో ఒక్కరికీ తెలియలేదు.

ఆ తరువాత నేను కన్నవారి గురించి అడగడం మానేశాను. ఎవరింటి పెళ్ళికి వెళ్ళేవారు, ఎవరికి బట్టలు పెట్టేవారు, ఏ సంబంధాలు వచ్చి తప్పిపోయాయి అని అడిగాను. ఇంటి ఆడవారు వరసలను అలాగే గుర్తుపెట్టుకుంటారు. మేనత్త చెప్పినవన్నీ ఒకే ఊరివైపు చూపించాయి. ముత్తాతకు అక్కచెల్లెళ్ళు లేరు. అయినా భువనగిరిలో ఒక ఇంటి ఆడపిల్లలు ఇద్దరికి ఆయన ఒడిబియ్యం పోయించేవాడట. అన్నదమ్ములు చేసే పని అది. 1966లో అదే ఇంటి నుంచి మా మేనత్తకే ఒక సంబంధం వచ్చింది. మధ్యవర్తికి లోగుట్టు తెలియదు. ఇంటిపేర్లు వేరు, గోత్రాలు వేరు, జాతకాలు కుదిరాయి. ముత్తాత భార్య ఒప్పుకోలేదు. "పిల్లవాడు నీకు బాబాయి వరస అవుతాడు. వాళ్ళు మనకు పాలివాళ్ళు" అందట. గోత్రం వేరైనవాళ్ళు పాలివాళ్ళు ఎలా అవుతారని అడిగితే జవాబు చెప్పలేదు. దత్తు వెళ్ళి గోత్రం మారినా, పుట్టిన వంశంతో వియ్యం పనికిరాదు. ఆవిడకు ఆ సంగతి తెలుసు. చెప్పకుండానే పాటించింది.

అప్పుడు చదివింపుల పుస్తకం గుర్తొచ్చింది. పెళ్ళిలో ఎవరేం చదివించారో రాసుకునే పుస్తకాన్ని మా ఇళ్ళలో పారేయరు, తిరిగి పెట్టాలి కనుక. మా తాతయ్య పెళ్ళి 1947లో జరిగింది. పుస్తకం మా పెద్దమ్మ ఇంటి అటక మీద ఉంది. మొత్తం తెలుగులోనే, దుకాణం గుమాస్తా రాత. పరిచయస్తుల చదివింపులు వెనక పేజీల్లో, అణాలతో సహా. దగ్గరివారివి మొదటి పేజీలో. ఆ మొదటి పేజీలో మూడో వరుసలో, సొంత మేనమామల కంటే ముందు, భువనగిరి వారి ఇంటిపేరు, పట్టుపంచె, నిజాం నాణెమైన హాలీ రూపాయలు నూట పదహారు.

భువనగిరి హైదరాబాదుకు యాభై కిలోమీటర్ల లోపే. కోట ఉన్న ఏకశిల దూరం నుంచే కనిపిస్తుంది. కన్యకాపరమేశ్వరి ఆలయంలో ఆ ఇంటిపేరు చెప్పి అడిగితే, పావుగంటలో నన్ను ఒక వీధి అరుగు మీద కూర్చోబెట్టారు. ఎదురుగా ఎనభై ఏళ్ళ పెద్దాయన. మేనత్తకు వచ్చిన సంబంధం ఆయన తమ్ముడిదే.

నేను చెప్పిందంతా విని ఆయన అడిగిన మొదటి మాట, "ఇప్పుడు ఇదంతా ఎందుకమ్మా, ఆస్తి కోసమా?"

నాకు బాధ కలిగింది గానీ కోపం రాలేదు. భూమి ధరలు ఇలా పెరిగిన కాలంలో, ముక్కూ ముఖం తెలియని మనిషి వచ్చి మీ రక్తం మాదీ ఒకటే అంటే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది. దత్తు వెళ్ళినవాడికి పుట్టింటి ఆస్తిలో వాటా ఉండదని చిన్నాన్న చేత ఆయన కొడుకులతో మాట్లాడించాను. ఆరు నెలల్లో నాలుగు సార్లు వెళ్ళాను. మూడోసారి మేనత్తను వెంట తీసుకెళ్ళాను. ఆవిడను చూసి పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆ రోజునే నోరు విప్పాడు. వాళ్ళ తాతకు ఇద్దరు తమ్ముళ్ళు. చిన్నతమ్ముడు వ్యాపారానికి పట్నం వెళ్ళి తుగ్యానీలో పోయాడు. అఫ్జల్ వంతెన కొట్టుకుపోయిందన్న వార్త వచ్చింది గానీ మనిషి జాడ రాలేదు. ఆ రోజుల్లో ఆయన భార్య గర్భవతి. కడుపులో బిడ్డ ఏమయ్యాడో వాళ్ళింట్లో ఎవరూ చెప్పుకోలేదు.

అందుకే వరద కథ పూర్తిగా అబద్ధం కాదని నాకు అనిపిస్తుంది. వరద ఆ బిడ్డను ఇవ్వలేదు, ఆ బిడ్డ తండ్రిని తీసుకుంది.

డీఎన్‌ఏ పరీక్ష గురించి చాలామంది అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చే మొత్తం డీఎన్‌ఏను పోల్చే మామూలు పరీక్షను మేము మొదట చేయించాం. తమ్ముడికీ పెద్దాయనకూ ఉమ్మడి భాగం విదేశీ పట్టికల ప్రకారం ఆ వరసకు రావలసిన దానికి దాదాపు రెండింతలు వచ్చింది. సంతోషించాను. ఎందుకైనా మంచిదని మా కులంలోనే, మాతో ఏ బంధుత్వమూ తెలియని ఒక స్నేహితురాలి ఫలితంతో పోల్చి చూస్తే, ఆమెతో కూడా తమ్ముడికి చెప్పుకోదగ్గంత ఉమ్మడి భాగం ఉంది. మేము వైశ్యులం. మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే. మా అమ్మానాన్నలు కూడా మేనబావా మరదళ్ళే. 2009లో మన హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా పరిశోధకులతో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, ఆంధ్ర వైశ్యులు సుమారు వంద తరాలుగా బయటివారితో దాదాపు కలవలేదని తేలింది. శస్త్రచికిత్సకు ముందు మత్తు డాక్టరు మీరు వైశ్యులా అని అడగడం వెనక ఉన్నది కూడా ఇదే. మత్తుతో పాటు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక రకం మందు పడనివ్వని జన్యులోపం మాలో ఎక్కువ. ఇలాంటి వంశాల్లో ఉమ్మడి భాగం ఎంతో చూసి వరస చెప్పడం పొరపాటు. విదేశీ పట్టికలు మేనరికాలు లేని కుటుంబాల కోసం తయారైనవి. ఈ ఒక్క మాట ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

మాకు పనికొచ్చింది వై క్రోమోజోము పరీక్ష. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే, దాదాపు మారకుండా వెళుతుంది. మధ్యలో ఎన్ని మేనరికాలు జరిగినా దానికి పట్టదు. ముగ్గురి చేత చేయించాం. తమ్ముడు, భువనగిరి పెద్దాయన, మలక్‌పేటలో ఉన్న బేగంబజారు తాత అన్నగారి మునిమనవడు. మలక్‌పేట ఆయనదీ తమ్ముడిదీ అసలు వేరే శాఖలు. చిన్నాన్న నమ్మిన కథకు అక్కడ ఆధారం పోయింది. పెద్దాయనకూ తమ్ముడికీ 37 గుర్తుల్లో 36 కలిశాయి.

ఆ కాగితం చూసి తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాత్రం అతనితో, నాతో నేను కూడా, ఒక మాట చెప్పుకోవలసి వచ్చింది. ఇద్దరూ ఒకే పురుష వంశం వారని మాత్రమే ఈ పరీక్ష చెబుతుంది. ఆ ముగ్గురు అన్నదమ్ముల్లో ఎవరు కన్నారో చెప్పలేదు. చిన్నతమ్ముడేనని నమ్మడానికి వయసు, తుగ్యానీ, మూడు రోజుల మైల, ఇవన్నీ కలిసి నాకు సరిపోతున్నాయి. వంశవృక్షంలో ఆ గీతను పెన్సిలుతో గీశాను. బేగంబజారు తాత గీత సిరాతోనే ఉంది, అలాగే ఉంటుంది. తద్దినంలో ఆయన పేరు మారదు. ఆయన అన్నం పెట్టి, ఇంటిపేరిచ్చి, పెళ్ళి చేసి, ఇల్లు కొనిపెట్టిన తండ్రి.

ఇక మిగిలింది ఆమె పేరు. ఇరవై ఏళ్ళు నిండాయో లేదో, భర్తను వరద తీసుకుపోతే, పుట్టిన బిడ్డను పట్నంలో ఒకరి చేతుల్లో పెట్టి, ఆ తరువాత యాభై ఏళ్ళు భువనగిరిలో ఆ ఇంటి వెనక గదిలో బతికింది. పెద్దాయనకు, ఆయన వదినగారికి ఆమె బాగా గుర్తు. ఆవకాయకు మెంతులు వేయించేది ఆమేనట. పిల్లలందరూ "తుగ్యానీ అవ్వ" అని పిలిచేవారు. అసలు పేరు వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఆమెకు బేగంబజారు తాత భార్య సొంత అక్క అయి ఉంటుందని నా ఊహ. బిడ్డ ఆ ఇంటికే ఎందుకు వెళ్ళాడో దానితో అర్థమవుతుంది. ఊహ కనుక వంశవృక్షంలో ఎక్కడా రాయలేదు.

పెద్దాయన వాళ్ళ నాన్నగారు గయకు వెళ్ళివచ్చారని ఈ సంక్రాంతికి మాటల్లో తెలిసింది. గయలో పండాలు, అంటే అక్కడి తీర్థ పురోహితులు, యజమానుల ఊరూ ఇంటిపేరూ పెట్టి తరతరాల పేర్లు బహీలనే పద్దు పుస్తకాల్లో రాసుకుంటారు. అక్కడ తల్లికి, నాయనమ్మకు పెట్టినట్టే, పెట్టే కొడుకు లేని పినతల్లులకు, మేనత్తలకు కూడా పేరు చెప్పి పిండం పెడతారు. పెద్దాయన నాన్నగారు ఆమెకు పెట్టే ఉంటారు. పెట్టారంటే ఏదో ఒక పేరు పలికి ఉంటారు. వచ్చే పితృపక్షాలకు తమ్ముడికీ నాకూ, పెద్దాయన చిన్న కొడుక్కీ టికెట్లు తీశాం. మేనత్త మోకాళ్ళ నొప్పులతో రాలేనంది.

"పేరు దొరికితే ఎంత రాత్రయినా సరే, ముందు నాకు ఫోను చెయ్యి" అంది.